మారుపేరుతో సంపాదించిన సాక్ష్యం కోర్టులో నిలుస్తుందా?

ప్రశ్న: మా అక్క ఒక సంస్థలో పనిచేస్తూ 2022లో ఆత్మహత్య చేసుకుంది. పెళ్ళి చేసుకుంటానని యజమాని నమ్మించి, చివరికి నలుగురిలో అవమానించి పనిలోంచి తీసేశాడు. పోలీసులు అనుమానాస్పద మృతిగా రాసుకుని ఫైలు మూసేశారు. ఆయన నన్ను ఎప్పుడూ చూడలేదు. ఎనిమిది నెలల క్రితం మా చిన్నాన్న కూతురి పేరుతో, ఆమె సర్టిఫికెట్లతో, ఆమె ఆధార్ కార్డు నకలు మీద నా ఫొటో పెట్టి అదే సంస్థలో అకౌంట్స్ విభాగంలో చేరాను. ఆయన కంప్యూటర్‌లో అక్కతో జరిపిన సంభాషణలు దొరికాయి. కొన్నిటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాను. పేరు లేకుండా వాటిని ఆయనకే పంపి, పోలీసు కేసు పెడతానని భయపెట్టి, తప్పు ఒప్పుకుంటూ కాగితం రాయించాలని, మా అమ్మ పేరిట డబ్బు కట్టించాలని నా ఆలోచన. నేనెవరో ఆ తరువాత చెబుతాను. నేను చేస్తున్నది నేరమా? ఈ ఆధారాలు పనికొస్తాయా? అక్క ఫోను మా ఇంట్లోనే ఉంది. లాక్ తెలియక దాన్ని ఎవరూ తెరవలేదు.
– ఒక సోదరి

జవాబు: అమ్మా, మిమ్మల్ని గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ మీ ఉత్తరంలోంచి తీసేశాను. ఒక మాట ముందే చెప్పాలి. జరిగిపోయినదాని గురించి క్లయింటు న్యాయవాదికి చెప్పుకున్న రహస్యాన్ని చట్టం కాపాడుతుంది. ఇకముందు చేయబోయే నేరానికి సలహా అడిగితే ఆ రక్షణ ఉండదు. మీ ఉత్తరంలో రెండూ ఉన్నాయి. కాబట్టి భయపెట్టే సంగతిలో నా సలహా ఒక్కటే: వద్దు. ఎందుకు వద్దో కింద చెబుతాను.

మొదట మారుపేరు. వేరే పేరుతో పిలిపించుకోవడం దానంతట అదే నేరం కాదు. ఆ పేరుతో ఒకరిని నమ్మించి, తెలిస్తే వారు చేయని పనిని చేయించి, దానివల్ల వారికి నష్టం కలిగితేనో, కలిగే అవకాశం ఉంటేనో అది మోసం. ఆ నష్టం ఆస్తికే కానక్కర్లేదు, మనసుకైనా, పరువుకైనా చాలు. భారతీయ న్యాయ సంహిత 319వ సెక్షన్ ప్రకారం మరొకరిలా నటించి మోసం చేస్తే అయిదేళ్ళ దాకా జైలు. ఆ మరొకరు నిజంగా ఉన్న మనిషైనా, కల్పించిన మనిషైనా ఒకటేనని సెక్షనే చెబుతోంది. మీ విషయంలో ఆ మనిషి ఉంది, మీ చిన్నాన్న కూతురు. తెలిసి సర్టిఫికెట్లు ఇచ్చి ఉంటే ఆమె కూడా నేరానికి తోడ్పడినట్టే. ఆధార్ నకలు మీద ఫొటో మార్చడం అంతకంటే బరువైన విషయం. మోసం కోసం చేసిన ఫోర్జరీకి 336వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది. ఆ కాగితాన్ని అసలైనదిగా చూపించి వాడుకుంటే 340 ప్రకారం అదే శిక్ష.

‘నేను జీతం కోసం చేరలేదు, న్యాయం కోసం చేరాను’ అని మీరు అనవచ్చు. మీ ఉద్దేశం ఎంత మంచిదైనా శిక్ష తగ్గించమని అడగడానికి ఉపయోగపడుతుందేమో గానీ, ఫొటో మార్చిన కాగితాన్ని అసలు కాగితం చేయలేదు.

ఇక మీరు వేసుకున్న పథకం. మీ అక్క మరణం పాత చట్టం కాలంలో జరిగింది కాబట్టి ఆయన మీద కేసు వస్తే అది భారతీయ శిక్షాస్మృతి 306వ సెక్షన్ కింద, ఆత్మహత్యకు ప్రేరేపించడం. గరిష్ఠంగా పదేళ్ళ జైలు. మీరు చేసినవాటికీ చేయబోయేవాటికీ 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం, అంటే న్యాయ సంహిత, వర్తిస్తుంది. పదేళ్ళ దాకా శిక్ష పడగల నేరం మోపుతానని భయపెట్టి డబ్బు రాబట్టడం కొత్త చట్టం 308వ సెక్షన్‌లో చెప్పిన బలవంతపు వసూలు. దానికి శిక్ష ఎంతో తెలుసా? పదేళ్ళ దాకా. అంటే ఆయన ఎక్కవలసిన బోనులోకే అదే కొలతతో మీరూ ఎక్కుతారు. డబ్బు మీ అమ్మగారి పేరిట కట్టించినా తేడా ఉండదు. పైగా ఆ పెద్దావిడను కూడా కేసులోకి లాగినవారవుతారు.

పేరు దాచి బెదిరించడాన్ని చట్టం విడిగా పట్టించుకుంది. నేరపూరిత బెదిరింపుకు 351వ సెక్షన్ కింద రెండేళ్ళ దాకా శిక్ష ఉంటే, బెదిరించేవారు తమ పేరో చిరునామానో తెలియకుండా జాగ్రత్తపడితే దానికి అదనంగా మరో రెండేళ్ళ దాకా వేయవచ్చు. మీరు రక్షణ అనుకుంటున్న ముసుగే శిక్షను పెంచుతుంది. భయపెట్టి రాయించిన ఒప్పుకోలు కాగితం చిత్తుకాగితంతో సమానం. కోర్టు బయట చేసిన ఒప్పుకోలు అసలే బలహీనమైన సాక్ష్యం, స్వేచ్ఛగా ఇచ్చింది కాదని తేలితే దానికి విలువే లేదు.

అజ్ఞాతవాసంలో సైరంధ్రి కథ మీకు తెలిసే ఉంటుంది. ఆ కథను నేను న్యాయవాది కళ్ళతో చూస్తాను. కీచకుడు చచ్చాడు, బాగుంది. ఆ చావు కబురు హస్తినకు చేరడంతోనే పాండవులు ఎక్కడున్నారో కౌరవులకు అనుమానం వచ్చింది. మీరు పంపబోయే మొదటి సందేశం కూడా అంతే. ఆ కంప్యూటర్ ఉన్న గది ఎవరెవరికి అందుబాటులో ఉందో ఆయన ఒక్క పూటలో లెక్కవేస్తాడు.

అసలు ప్రశ్న పెన్‌డ్రైవ్ గురించి. అక్రమంగా సేకరించినంత మాత్రాన సాక్ష్యాన్ని మన కోర్టులు తోసిపుచ్చవు. 1972లో మల్కానీ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. అయితే కోర్టు తీసుకోవడం వేరు, నమ్మడం వేరు. ఎలక్ట్రానిక్ రికార్డుకు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. ఆ చట్టం చివర దాని నమూనా ఉంది, ఒకసారి తెరిచి చూడండి. మొదటి గడిలోనే మీ పేరు, ఎవరి కుమార్తె లేక ఎవరి భార్య, ఎక్కడ నివాసం లేదా ఉద్యోగం. తరువాత ఏ పరికరంలోంచి తీశారు, దాని తయారీ, మోడల్, రంగు, సీరియల్ నంబరు. ఆ పైన ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే గుర్తు సంఖ్య. చివర సంతకం.

ఆ మొదటి గడిలో ఏ పేరు రాస్తారు? చిన్నాన్న కూతురి పేరు రాస్తే ధ్రువపత్రమే అబద్ధం. మీ పేరు రాస్తే, ఆ పేరు గల ఉద్యోగి ఆ సంస్థలో ఎప్పుడూ లేదు. సాక్షి బోనులో కూడా మొదటి ప్రశ్న పేరే. ఎదుటి పక్షం న్యాయవాదిగా నేనుంటే సంభాషణల జోలికే పోను. ‘ఫొటో మార్చడం వచ్చిన మనిషికి ఫైలు మార్చడం రాదా?’ అని అడిగి కూర్చుంటాను. యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోంచి నకలు తీసుకున్నందుకు సమాచార సాంకేతిక చట్టం 43, 66 సెక్షన్ల కింద ఫిర్యాదు కూడా పెట్టిస్తాను.

ఇదంతా మీరు ఓడిపోయారని చెప్పడానికి కాదు. మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన వాక్యాన్ని మీరు చివర్లో వదిలేశారు. మీ అక్క ఫోను ఇంట్లోనే ఉంది! ఎనిమిది నెలలు శత్రువు కంప్యూటర్‌లో వెదికినదానిలో ఎంతో కొంత మీ బీరువాలోనే ఉండవచ్చు. అది మీ కుటుంబం స్వాధీనంలో న్యాయంగా ఉన్న వస్తువు. చనిపోయిన మనిషి తన మరణానికి దారితీసిన పరిస్థితుల గురించి రాసిన మాటలను, అవి సందేశాలైనా సరే, కోర్టు సాక్ష్యంగా తీసుకోవచ్చు. దయచేసి దాన్ని బజారులో ఇచ్చి లాక్ తీయించకండి, రీసెట్ చేయించకండి. ఛార్జింగ్ కూడా పెట్టకుండా కవరులో ఉంచి, ఎప్పటినుంచి ఎవరి దగ్గర ఉందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఫోరెన్సిక్ ప్రయోగశాల తెరవాలి దాన్ని.

ఫిర్యాదు మీరే ఇవ్వాలని లేదు, మీ అమ్మగారు తన పేరుతో ఇవ్వవచ్చు. మూడేళ్ళకు మించి శిక్ష పడగల నేరాలకు ఫిర్యాదు చేయడానికి కాలపరిమితి లేదు, ఆలస్యానికి కారణం మాత్రం చెప్పాలి. మూసేసిన మృతి విచారణ ఫైలు ప్రతులకు ముందు దరఖాస్తు చేయండి. స్టేషన్‌లో తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా, అక్కడా కదలకపోతే ప్రమాణపత్రంతో మేజిస్ట్రేటుకు. యజమాని కంప్యూటర్‌లో సంభాషణలు ఉండే అవకాశం ఉందని ఫిర్యాదులో చెబితే పోలీసులే దాన్ని స్వాధీనం చేసుకోవచ్చు. కొత్త విధానంలో సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయడం తప్పనిసరి. మీరు దొంగచాటుగా తీసిన నకలు కంటే ఆ దారిన వచ్చిన ఒక్క ఫైలు ఎన్నో రెట్లు మేలు. అయితే 306 కేసులు తేలికగా నిలవవు. కోపంలో అన్న మాట ప్రేరేపణ కాదని 2001లో రమేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు అంది. చివరి రోజుల్లో ఏం జరిగిందో, అవమానించిన రోజుకూ మరణానికీ మధ్య ఎంత వ్యవధి ఉందో, అప్పుడు పక్కనున్న సహోద్యోగులు ఎవరో అమ్మగారితో కూర్చుని తేదీలవారీగా రాయండి.

ఆయన వల్ల ప్రాణభయం ఉంటే పేరు దాచే పనిని చట్టానికే వదలండి. సుప్రీంకోర్టు 2018లో ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా స్థాయిలో దరఖాస్తు చేసుకోవచ్చు. సాక్షి గుర్తింపును గోప్యంగా ఉంచడం కూడా అందులో ఉంది.

ఇక మీ ఉద్యోగం. రేపటినుంచి వెళ్ళకండి. పెన్‌డ్రైవ్‌ను తుడిచేయకండి, ఋజువు మాయం చేయడం ఇంకో నేరం. రాజీనామా లేఖ కూడా రాయకండి, ఆ పేరుతో చేసే ప్రతి సంతకం ఇంకో కాగితం అవుతుంది. ముందు ఒక క్రిమినల్ న్యాయవాదిని కలిసి జరిగినదంతా చెప్పండి. ముందస్తు బెయిలు అవసరమా, సంస్థకు విషయం ఎప్పుడు ఎలా తెలియజేయాలి అన్నది ఆయన చూస్తారు. ఫీజు భారమైతే, ఆదాయంతో పని లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయసహాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళండి, లేదా 15100కు ఫోను చేయండి. మీ చిన్నాన్న కూతురికి మాత్రం వేరే న్యాయవాదిని పెట్టండి. ‘నాకు తెలియకుండా వాడుకుంది’ అని చెప్పడమే ఆమెకు మంచి రక్షణ కావచ్చు. మీకు వాదించేవారే ఆ మాటను ఆమె తరఫున చెప్పలేరు.