చేతులు మారిన ఫాల్‌అవుట్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నేను కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. ఫాల్‌అవుట్ 4 అనే వీడియో గేమ్‌ను రెండుసార్లు పూర్తి చేసి, ఆ ఇష్టంతో 1997 నాటి మొదటి ఫాల్‌అవుట్‌ను ఆడాను. బొమ్మలు పాతవని ముందే తెలుసు కాబట్టి అది ఇబ్బంది అనిపించలేదు. కానీ ఆట మాట్లాడే తీరే వేరుగా ఉంది. ఆఖరి సన్నివేశం చూశాక ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. కొత్త కంపెనీ చేతికి వెళ్లాక సిరీస్ పాడైందని మా అన్నయ్య అంటాడు. పేరు ఒకటే, లోకం ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎలా వచ్చింది? అన్నయ్య చెప్పింది నిజమేనా?

జవాబు: మీకు నిద్ర పట్టనివ్వని ఆ సన్నివేశం గురించి, ఈ ఆటలు తెలియని పాఠకుల కోసం ముందుగా రెండు మాటలు చెప్పాలి. 2077లో అణుయుద్ధం జరిగి లోకం బూడిద అయిపోతుంది. భూగర్భంలో కట్టుకున్న ‘వాల్ట్ 13’ అనే ఆశ్రయంలో కొందరు తరతరాలుగా బతుకుతుంటారు. అక్కడ నీళ్లు శుద్ధి చేసే యంత్రంలో చిప్ ఒకటి చెడిపోతే, 150 రోజుల్లోగా మరొకటి వెతికి తెమ్మని మన పాత్రను బయటికి పంపుతారు. చిప్ తెచ్చి ఇస్తాం, ఆ తర్వాత అంతకన్నా పెద్ద ఆపదనూ తప్పించి ఇంటికి తిరిగి వస్తాం. గుమ్మం దగ్గరే వాల్ట్ పెద్ద ఎదురొస్తాడు. నువ్వు మమ్మల్ని కాపాడావు, కానీ బయటి లోకం నిన్ను మార్చేసింది, నిన్ను చూస్తే మా పిల్లలు కూడా బయటికి పోతామంటారు, అందుకని నిన్ను లోపలికి రానివ్వలేను అన్న అర్థం వచ్చేలా చెప్పి వెనక్కి తిరుగుతాడు. మన మనిషి ఒంటరిగా ఎడారిలోకి నడిచిపోతాడు. ఆ మాట చెప్పేవాడు దుర్మార్గుడు కాడు. నిజంగా బాధపడుతూనే చెబుతాడు. ఆ ఆట స్వరమంతా అందులోనే ఉంది: మంచి చేసినవాడికి మంచి జరుగుతుందన్న హామీ అది ఇవ్వదు, అలాగని మనుషులను వెక్కిరించదు కూడా.

ఆ స్వరాన్ని కూర్చినవారిలో ముఖ్యులు టిమ్ కెయిన్, లెనార్డ్ బోయార్‌స్కీ, జేసన్ ఆండర్సన్. మొదటి ఆటను తెచ్చిన ఇంటర్‌ప్లే సంస్థలో పనిచేసిన ఈ ముగ్గురూ 1998 మొదట్లో, అంటే రెండో ఆట తయారీ నడుస్తుండగానే, బయటికి వచ్చి ట్రాయికా గేమ్స్ అనే సొంత స్టూడియో పెట్టుకున్నారు. అదే ఏడాది ఇంటర్‌ప్లేకే చెందిన బ్లాక్ ఐల్ స్టూడియోస్ పేరు మీద ఫాల్‌అవుట్ 2 వచ్చింది. మీ అన్నయ్యతో నా పేచీ ఇక్కడే మొదలవుతుంది. కొత్త కంపెనీ రావడానికి ఎన్నో ఏళ్ల ముందే, సొంత ఇంట్లోనే స్వరం మారింది. ఫాల్‌అవుట్ 2 లో ఊళ్లు పెద్దవయ్యాయి, రాజకీయాలు చిక్కబడ్డాయి, ఆ మేరకు అది మొదటి ఆట కన్నా గొప్పదే. కానీ ఒక ఊళ్లో దెయ్యం కనిపిస్తుంది, ఇంకో ఊళ్లో చదరంగం ఆడే తేలు ఉంటుంది, మాట్లాడే మొక్క ఉంటుంది, సినిమాల మీద విసుర్లు దారి పొడుగునా తగులుతుంటాయి. మన హరికథలో పిట్టకథ పడితే ప్రేక్షకుడు నవ్వి, కాస్త సేదదీరి, మళ్లీ అసలు కథలోకి వస్తాడు. అనుభవమున్న భాగవతారు దాన్ని ఎక్కడ వేయాలో చూసి వేస్తాడు. అడుగడుగునా పిట్టకథలే పడితే ఏడవాల్సిన చోట కూడా జనం నవ్వుతారు. ఫాల్‌అవుట్ 2 లో చాలాచోట్ల జరిగింది అదే.

ఆ తర్వాత ఇంకా దిగజారింది. 2001లో ఆస్ట్రేలియాకు చెందిన మైక్రో ఫోర్టే స్టూడియో తయారు చేసిన ఫాల్‌అవుట్ టాక్టిక్స్ యుద్ధ వ్యూహాల ఆట కాబట్టి దాన్ని పక్కన పెడదాం. 2004లో ఇంటర్‌ప్లే స్వయంగా కన్‌సోల్స్ కోసం విడుదల చేసిన బ్రదర్‌హుడ్ ఆఫ్ స్టీల్‌ను మాత్రం పక్కన పెట్టలేను. ఈ లోకానికి న్యూకా కోలా అని సొంత కల్పిత పానీయం ఉంది. ఆ ఆటలో దాని స్థానంలో, బయట దుకాణాల్లో దొరికే అసలు శీతల పానీయం ఒకదాన్ని ప్రకటన కోసం పెట్టారు. పాత రేడియో పాటలు వినిపించాల్సిన చోట హెవీ మెటల్ మోగింది. సృష్టించిన సంస్థే చేసిన పని ఇది. పాడుచేసింది కొత్తవాళ్లేనని అనేవారు ఈ ఆటను ఒక గంట ఆడి చూడాలి.

బ్లాక్ ఐల్ 2003 చివర్లో మూతపడింది. అక్కడ తయారవుతున్న మూడో ఆట ఆగిపోయింది. 2004లో బెథెస్డా సంస్థ లైసెన్సు తీసుకుని, 2007లో 57.5 లక్షల డాలర్లకు సిరీస్ హక్కులు మొత్తం కొనుక్కుని, 2008లో ఫాల్‌అవుట్ 3 ను తెచ్చింది. కాలిఫోర్నియా ఎడారిని వదిలి కథ వాషింగ్టన్ నగరానికి మారింది. పైనుంచి చూసే ఆట కాస్తా మన కళ్లతో చూసే ఆట అయింది.

అందులో మెగాటన్ అనే ఊరు ఉంది. పేలని అణుబాంబు చుట్టూ రేకులతో కట్టుకున్న ఊరు. ఆట మొదట్లోనే ఒకడు మనకు సారా దుకాణంలో ఎదురుపడి, ఆ బాంబు పేలిస్తే డబ్బిస్తానంటాడు. ఒప్పుకుంటే, దూరాన ఉన్న ఎత్తైన భవనం వసారాలో నిలబడి మీట నొక్కి, ఊరు ఊరంతా ఆవిరైపోవడం కళ్లారా చూడవచ్చు. చూడటానికి భయంకరమైన దృశ్యం, సందేహం లేదు. అయితే ఆ తర్వాత ఏం జరుగుతుంది? మంచిచెడ్డలకు ఆట వేసే కర్మ లెక్కలో మన పాత్ర అంకె పడిపోతుంది, అదే భవనంలో ఉండటానికి గది దొరుకుతుంది, చాలాసేపటికి తండ్రి కనిపించి మందలిస్తాడు. ఆ ఊళ్లో దుకాణం నడిపే మోయిరా అనే అమ్మాయి ఒళ్లంతా కాలి, చర్మం ఊడి కూడా బతికే ఉంటుంది. అంత జరిగినా అదే హుషారుతో తన పుస్తకం పని గురించి మనతో మాట్లాడుతుంది! మొదటి ఆటలో ఒక మనిషిని కాపాడినందుకు కూడా మన మనసు బరువెక్కుతుంది. ఇక్కడ ఊరంతా పోయినా మనసులో బరువు మిగలదు. దాడి చేసేందుకు ఎవరో ఒకరు ఎప్పుడూ సిద్ధంగా ఉండే ఆటలో, చేసిన పనికి సంజాయిషీ అడిగేవారు తక్కువ.

అయినా బెథెస్డా వాళ్లకు ఈ లోకం మీద ప్రేమ లేదని అనను. వాళ్ల ప్రేమ మాటల్లో ఉండదు, స్థలంలో ఉంటుంది. ఫాల్‌అవుట్ 3 లో పేరు లేని ఒక ఇంట్లోకి వెళితే మంచం మీద పక్కపక్కనే పడుకున్న రెండు అస్థిపంజరాలు కనిపిస్తాయి. ఎవరూ వచ్చి మనకు ఏమీ వివరించరు. బాంబులు పడుతున్న సమయంలో ఆ ఇద్దరూ ఏం నిర్ణయించుకున్నారో మనమే ఊహించుకోవాలి. పాత ఆటలకు ఈ శక్తి లేదు, పైనుంచి చూసే చిన్న బొమ్మల్లో అది సాధ్యమూ కాదు.

అసలు తేడా ఎక్కడ ఉందంటే, కాలంలో ఉంది. మొదటి ఆట 2161లో, అంటే యుద్ధం జరిగిన 84 ఏళ్లకు నడుస్తుంది. ఫాల్‌అవుట్ 3 నాటికి 200 ఏళ్లు గడిచాయి. అయినా దుకాణాల అరల్లో డబ్బా తిండి అలాగే ఉంటుంది, వీధుల్లో చెత్త ఎత్తినవారు లేరు, పొలం దున్నినవారు దాదాపు లేరు. బాంబు నిన్న సాయంత్రం పడిందన్నట్టు ఉంటుంది. విధ్వంసం జరిగాక మనుషులు మళ్లీ ఏం కట్టుకుంటారు, కట్టుకున్నది పాతదానికన్నా మెరుగ్గా ఉంటుందా అన్నది తొలి రచయితల ప్రశ్న. విధ్వంసంలో నిలబడితే ఎలా ఉంటుందన్నది బెథెస్డా ప్రశ్న. మీ అన్నయ్య దాన్ని పాడుకావడం అంటున్నారు. నేను ప్రశ్న మారడం అంటాను. నాకు మొదటి ప్రశ్నే ఎక్కువ ఇష్టమని మాత్రం దాచుకోను.

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. తేడా అంతా ఇంజిన్ (ఆటను నడిపే సాఫ్ట్‌వేర్) వల్ల, కెమెరా వల్ల వచ్చిందని నా అభిప్రాయం. పైనుంచి చూసే ఆటలో చదవడానికి ఓపిక ఉంటుంది, తుపాకీ చేతిలో పట్టుకుని పరుగెత్తే ఆటలో ఉండదు. కాదంటారా?

జవాబు: కాదనడానికి నా దగ్గర బలమైన రుజువే ఉంది. 2010లో వచ్చిన ఫాల్‌అవుట్ న్యూ వేగస్‌ను బెథెస్డా తరఫున తయారు చేసింది అబ్సిడియన్ అనే స్టూడియో. బ్లాక్ ఐల్ నుంచి బయటికి వచ్చినవారే దాన్ని 2003లో స్థాపించారు. ఇంజిన్ ఫాల్‌అవుట్ 3 దే, కెమెరా అదే, తుపాకులు పట్టుకునే తీరూ చాలావరకు అదే. జోష్ సాయర్ నాయకత్వంలో ఏడాదిన్నర కాలంలో పని ముగించారు. ఆ తొందర వల్ల విడుదలైనప్పుడు సాంకేతిక లోపాలు కోకొల్లలుగా ఉన్నాయి. కానీ స్వరం పాత స్వరమే.

ఒక్క తీగ పట్టుకుని చూపిస్తాను. 1997 నాటి ఆటలో షేడీ శాండ్స్ అనే చిన్న పల్లె ఉంది, మట్టిగోడల ఇళ్లు, చుట్టూ పొలాలు. ఆ ఊరి పెద్ద కూతురు టాండీని ఖాన్స్ అనే దోపిడీ ముఠా ఎత్తుకుపోతే, మనం వెళ్లి విడిపిస్తాం. ఫాల్‌అవుట్ 2 నాటికి ఎనభై ఏళ్లు గడుస్తాయి. ఆ పల్లె న్యూ కాలిఫోర్నియా రిపబ్లిక్ అనే దేశానికి రాజధాని అయి ఉంటుంది, వృద్ధురాలైన టాండీ దానికి అధ్యక్షురాలు. ఇక న్యూ వేగస్ నాటికి, అంటే 2281లో, ఆ రిపబ్లిక్‌కు సైన్యం, పన్నులు, పలుకుబడిగల పశువుల వ్యాపారులు అన్నీ సమకూరాయి. కొన్నేళ్ల కిందటే ఆ సైన్యం బిటర్ స్ప్రింగ్స్ అనే చోట ఖాన్స్ స్థావరాన్ని చుట్టుముట్టి, పారిపోతున్న ఆడవాళ్లనూ పిల్లలనూ వృద్ధులనూ కాల్చింది. ఆ రోజు తుపాకీ పేల్చిన సైనికుడు బూన్ మనకు సహచరుడిగా దొరుకుతాడు, ఆ జ్ఞాపకం అతణ్ణి లోలోపల తినేస్తుంటుంది. మిగిలిన ఖాన్స్ ఒక లోయలో తలదాచుకుని బతుకుతుంటారు. ఒకనాడు ఆడపిల్లను ఎత్తుకుపోయిన ముఠా ఇప్పుడు బాధిత జనం, ఆ ఆడపిల్ల కట్టిన దేశం ఇప్పుడు వాళ్లను చంపిన దేశం. ఆటలో ఎవరూ ఇదంతా వరుసగా మనకు అప్పజెప్పరు. మూడు ఆటలూ ఆడిన మనిషి మనసులో అదంతట అదే కలుస్తుంది. ఇంజిన్ చేయగలిగిన పని కాదిది, రాతగాళ్లు చేసిన పని.

మరో పోలిక కూడా చెప్పాలి. మొదటి ఆటలో అసలు శత్రువు ‘మాస్టర్’ మనుషులందరినీ మ్యూటెంట్లుగా మార్చి కొత్త జాతిని నిలపాలనుకుంటాడు. అతనితో తుపాకీ ఎత్తకుండానే తలపడవచ్చు. ఆ మ్యూటెంట్లకు సంతానం కలగదని రుజువులతో చూపిస్తే, తాను చేసిన ఘోరాలన్నీ వృథా అని గ్రహించి తనను తానే అంతం చేసుకుంటాడు. న్యూ వేగస్ ఆఖరి యుద్ధంలో శత్రు సేనాపతి లేనియస్‌నూ అలాగే మాటలతో వెనక్కి పంపవచ్చు. ఆ యుద్ధం ఏ ఆనకట్ట కోసమో దాన్ని గెలిచినా, ఇంత దూరం నుంచి తిండీ మనుషులూ తెచ్చి దాన్ని నిలుపుకోలేవని లెక్క చెప్పి ఒప్పించాలి. ఫాల్‌అవుట్ 3 లో కూడా శత్రు నాయకుణ్ణి ఒప్పించే చోటు ఉంది. అయితే అక్కడ మన పాత్రకు మాట నేర్పు అంకె ఎక్కువగా ఉంటే చాలు, వాదన బలం అంతగా అక్కర్లేదు.

మీ మాటలో నిజం ఉన్న చోటు వేరే ఉంది: గొంతు. పాత ఆటల్లో మన పాత్ర మాటలు అక్షరాల్లోనే ఉంటాయి కాబట్టి ఎన్ని రకాలుగానైనా రాయగలిగారు. తెలివి అంకె బాగా తగ్గించి ఆడితే మన పాత్రకు సరిగా మాటే రాదు, ఎదుటివాళ్లు కూడా అందుకు తగ్గట్టే మాట్లాడతారు. 2015 నాటి ఫాల్‌అవుట్ 4 లో కథానాయకుడికీ కథానాయికకూ నటుల గొంతులు పెట్టారు. ప్రతి మాటా స్టూడియోలో రికార్డు చేయాలి కాబట్టి ఎప్పుడు చూసినా నాలుగే జవాబులు మిగిలాయి. వాటిలో చాలావరకు ఒకే చోటికి చేరుస్తాయి. ఈ లోపాన్ని బెథెస్డా కూడా గుర్తించిందనే అనుకుంటున్నాను. 2018 నాటి ఫాల్‌అవుట్ 76 లో మన పాత్రకు గొంతు తీసేశారు. ఆట వచ్చినప్పుడు మనుషుల పాత్రలే లేని ఆ లోకంలో 2020 నాటి వేస్ట్‌ల్యాండర్స్ అప్‌డేట్‌తో మనుషులూ, మన నైపుణ్యాన్ని బట్టి మారే సంభాషణలూ వచ్చాయి.

ప్రశ్న: స్వరం మారడంలో సంగీతానికి పాత్ర ఉందా? (సంగీత ఉపాధ్యాయిని, విజయనగరం)

జవాబు: చాలా ఉందమ్మా. మొదటి రెండు ఆటలకు మార్క్ మోర్గన్ ఇచ్చినది పాటగా పాడుకోగలిగిన సంగీతం కాదు. ఖాళీ ఇనప డ్రమ్ములో గాలి తిరిగినట్టు, దూరాన ఎక్కడో జనం గొణిగినట్టు ఉంటుంది, ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియదు. ఫాల్‌అవుట్ 3 నుంచి ఇనాన్ జుర్ వాద్యబృందంతో కూర్చిన సంగీతం నాయకుడి ప్రయాణాన్ని గుర్తు చేస్తుంది. ఒకటి మనల్ని చిన్నవాళ్లను చేస్తుంది, మరొకటి పెద్దవాళ్లను చేస్తుంది. న్యూ వేగస్‌లో జుర్ సంగీతంతో పాటు మోర్గన్ పాత ముక్కలను కూడా వాడారు. ఎడారిలో రాత్రిపూట నడుస్తున్నప్పుడు అవి హఠాత్తుగా వినిపిస్తే, పాత ఆటలు ఆడినవారికి ఒళ్లు జలదరిస్తుంది.

ప్రశ్న: ఫాల్‌అవుట్ 3 మన దేశంలో అధికారికంగా రాలేదని విన్నాను, నిజమా?

జవాబు: ఎక్స్‌బాక్స్ 360 కూర్పు విషయంలో నిజమే. ఇక్కడి సాంస్కృతిక సున్నితత్వాల దృష్ట్యా దాన్ని భారతదేశానికి తీసుకురావడం లేదని 2008 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది, అభ్యంతరం దేనిమీదో విడమరిచి చెప్పలేదు. ఆటలోని రెండు తలల ఆవుకు ‘బ్రాహ్మిన్’ అనే పేరు ఉండటమే కారణమని అప్పట్లో ఎక్కువమంది అనుకున్నారు. ఆ జంతువు, ఆ పేరు 1997 నుంచీ ఉన్నవే, బెథెస్డా కొత్తగా పెట్టినవి కావు.

ప్రశ్న: ఈ సిరీస్ ఒక్కటీ ఆడలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? (వరంగల్ పాఠకుడు)

జవాబు: పాత బొమ్మలకు ఓర్చుకోగలిగితే 1997 ఆటతోనే మొదలుపెట్టండి. అది చిన్నది, మధ్యలో వదిలేయకుండా పూర్తి చేయగలరు. షేడీ శాండ్స్‌లో తొందరపడకుండా అందరితో మాట్లాడండి. పొలంలో ఉన్న రైతుకు పంట మార్పిడి గురించి చెప్పే అవకాశం వస్తుంది, వదులుకోకండి. ఆ తర్వాత నేరుగా న్యూ వేగస్‌కు వెళ్లవచ్చు. ఫాల్‌అవుట్ 3 ను మాత్రం ఆ రెండింటి మధ్య ఆడకండి. కొంత విరామం ఇచ్చి, పోలికలు పెట్టుకోకుండా, రాత్రివేళ, ఆటలోని రేడియో కట్టేసి ఆడండి. ఆ నేలకింది రైలు సొరంగాలలో మీ అడుగుల చప్పుడు మీకే వినిపించాలి.