విశాఖ ఎంవీపీ కాలనీ ఫ్లాట్‌లో 45 రోజుల ల్యాబ్ పిల్ల: ఇల్లంతా తడిపేస్తోంది, కొరుకుతోంది, రాత్రంతా ఏడుస్తోంది. ఏం చేయాలి?

మూడో అంతస్తు ఫ్లాటు, 45 రోజుల లాబ్రడార్ పిల్ల, ఒక్క టీకా అయింది అన్నారు. ఎక్కడపడితే అక్కడ ఒంటికి పోస్తోందని, చేతులు కొరుకుతోందని, రాత్రి పడుకోనివ్వడం లేదని రాశారు. ఈ ఆదివారం ఆర్కే బీచ్‌కి తీసుకెళ్ళొచ్చా అనీ అడిగారు. బీచ్ సంగతి చివర్లో చెప్తాను. మిగతా మూడూ మొండితనం కాదు, వేళ తప్పడం. అది ఎప్పుడు తింటోంది, ఎప్పుడు పడుకుంటోంది, మీరు ఎప్పుడు ఎత్తుకెళ్తున్నారు అన్నవి సర్దితే సగం అల్లరి దానంతట అదే సర్దుకుంటుంది.

ముందు ఒంటికి, రెంటికి. ఈ వయసు పిల్లకి మూత్రాశయం మీద పట్టుండదు. మెలకువగా ఉన్నప్పుడు గంట ఆపుకోవడమే ఎక్కువ. నిద్రలో అయితే వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపి అన్ని గంటలు, అదీ గరిష్ఠం. కాబట్టి ఎత్తుకెళ్ళాల్సిన వేళలు ఇవి: నిద్ర లేచిన మరుక్షణం, తిన్నాక 5 నుంచి 20 నిమిషాల లోపు, ఆట మధ్యలో ఒకసారి, పడుకోబెట్టే ముందు. వీటిలో ఏదీ పడకపోయినా గంటకోసారి. అంటే రోజుకి పది పన్నెండు సార్లు. ఇద్దరూ ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళయితే మొదటి నెల ఇంట్లో ఎవరో ఒకరు ఉండేలా చూసుకోండి. లేకపోతే ఇది కుదిరే పని కాదు.

టీకాలు పూర్తవలేదు కాబట్టి కింద మట్టిలోకి వద్దు, బాల్కనీలో ఒక మూల చాలు. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవున్న ప్లాస్టిక్ ట్రే, అందులో కృత్రిమ గడ్డి మ్యాట్. పేపర్లు పరిస్తే ఖర్చు లేదు కానీ, రేపు సోఫా మీద మీరు చదివి వదిలేసిన పేపరు కూడా దాని లెక్కలో బాత్రూమే. గడ్డి అలవాటైతే తర్వాత పార్కుకి మార్చడం తేలిక.

చేసే పద్ధతి ఇది. నడిపించొద్దు, ఎత్తుకునే వెళ్ళండి, నడిస్తే దారిలోనే అయిపోతుంది. ట్రేలో దింపి, కదలకుండా, మాట్లాడకుండా 5 నిమిషాలు నిలబడండి. పోయడం మొదలుపెట్టగానే మెల్లగా ఒకే మాట, 'పోసెయ్' అనో ఇంకేదో, ఇంట్లో అందరూ అదే మాట. పూర్తయిన ఒకటి రెండు సెకన్లలో అక్కడే శనగ గింజంత ఉడికిన చికెన్ ముక్క. వంటింట్లోకి వచ్చి ఇస్తే వంటింట్లోకి వచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది. 5 నిమిషాల్లో పోయకపోతే లోపలికి తెచ్చి వదిలేయకండి. అందరూ తప్పు చేసేది ఇక్కడే. ఒళ్ళోనో బుట్టలోనో పది నిమిషాలు ఉంచి మళ్ళీ తీసుకెళ్ళండి. పోసొచ్చాకే హాల్లో స్వేచ్ఛ.

ముందస్తు సూచన కూడా ఉంటుంది. అప్పటిదాకా ఆడుతున్న బంతిని ఉన్నట్టుండి వదిలేస్తుంది. మూతి నేలకి ఆనించి, నాలుగడుగులు మూలకి నడిచి, అక్కడే గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. వెనక కాళ్ళు వంగేలోపు మీకున్నవి మూడు నాలుగు సెకన్లు. అరవకుండా ఎత్తుకుని పరుగెత్తండి. అయిపోయాక చూస్తే మాత్రం తుడుచుకోవడమే. మూతిని అందులో రాయడం, పేపరు చుట్టి కొట్టడం మన ఇళ్ళలో పాతకాలపు వైద్యం. దాంతో అది నేర్చుకునేది ఒక్కటే, మీరు చూస్తుండగా పోయకూడదని. ఇక సోఫా వెనకాలే పోస్తుంది, ట్రేలో మీ ఎదుట ఎంతకీ పోయదు.

తుడవడానికి ఫినాయిలు వద్దు. ఆ వాసన మన ముక్కుకే అడ్డం పడుతుంది, దాని ముక్కుకి మూత్రం వాసన ఇంకా తెలుస్తూనే ఉంటుంది. పైగా తడి నేల మీద నడిచి పాదాలు నాకితే ప్రమాదం. పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ మేలు. లేదా తెల్ల వెనిగర్, నీళ్ళు సగం సగం. మీది మార్బుల్ ఫ్లోర్ అయితే వెనిగర్ వాడకండి, పాలిష్ పోతుంది. టైల్స్‌కి పర్లేదు.

ఇక కొరకడం. 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. అయినా 'చిన్నప్పుడే తెస్తే బాగా మాలిమవుతుంది' అని చెప్పి 35, 40 రోజులకే చేతిలో పెట్టేస్తున్నారు. నిజానికి ఆ చివరి మూడు వారాల్లోనే తోబుట్టువులతో ఆడుతూ, గట్టిగా కొరికితే ఆట ఆగిపోతుందన్న సంగతి నేర్చుకుంటుంది. మీ పిల్లకి ఆ బడి మధ్యలో మానిపించారు. ఆ పాఠం ఇప్పుడు మీరే చెప్పాలి.

పాలపళ్ళు 28, సూదుల్లా ఉంటాయి. పంటి కింద చెయ్యి పడగానే వెనక్కి లాక్కోకండి. లాగితే అది ఆటనుకుని ఇంకా వెంటపడుతుంది, చర్మం కూడా చీరుకుంటుంది. చెయ్యిని అలాగే బిగపట్టి, 'అబ్బా' అని ఒక్కసారి అని, లేచి, గది తలుపు అవతలికి వెళ్ళిపోండి. 20, 30 సెకన్లు చాలు. తిరిగొచ్చి నోటికి బొమ్మ అందించండి. రోజుకి ఇరవై సార్లు చేయాల్సొస్తుంది, రెండు మూడు వారాలకి పట్టు మెత్తబడటం తెలుస్తుంది. ఇంట్లో ఒక్కరు, సాధారణంగా తాతగారో పిల్లలో, చేత్తో కుస్తీ పట్టించారంటే మొత్తం చెడిపోతుంది. మూడున్నర నెలల నుంచి పళ్ళు మారతాయి, అప్పుడు కొరకడం మళ్ళీ పెరుగుతుంది. తడి తువాలు ముడి వేసి ఫ్రీజర్లో పెట్టి ఇస్తే చిగుళ్ళకి హాయి.

సాయంత్రం ఏడింటికి పిచ్చి పట్టినట్టు పరిగెడుతూ లుంగీ అంచులు, చీర కుచ్చిళ్ళు పీకుతోందంటే ఎనర్జీ ఎక్కువై కాదు, నిద్ర చాలక. ఈ వయసులో రోజుకి 18 నుంచి 20 గంటలు నిద్రపోవాలి. గంట మెలకువగా ఉంటే ఆ తర్వాత రెండు గంటలు చీకటిగా, ఫ్యాను కింద, టీవీకి దూరంగా పడుకోబెట్టండి. చుట్టాలొచ్చారని నిద్రలేపి చూపించొద్దు.

ఒక హెచ్చరిక. దీనికింకా రేబిస్ టీకా పడలేదు. రక్తం కనిపించేలా గీసినా, కొరికినా ధారగా పారే నీళ్ళలో సబ్బుతో 15 నిమిషాలు కడిగి, కేజీహెచ్‌లోనో దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలోనో డాక్టరుకి చూపించండి. పాలపళ్ళే కదా అని పసుపు అద్ది ఊరుకోవద్దు.

రాత్రి ఏడుపు తేలికైనది. నిన్నటిదాకా ఏడెనిమిది పిల్లల మధ్య వెచ్చగా పడుకుంది, ఇవాళ ఒంటరిగా వంటింట్లో కట్టేస్తే ఏడవదా? నిలబడి, తిరిగి పడుకునేంత అట్టపెట్టె లేదా క్రేట్ మీ మంచం పక్కనే, చెయ్యి అందేంత దూరంలో పెట్టండి. ఎనిమిదిన్నరకి చివరి తిండి, పదకొండింటికి ట్రే, ఆ తర్వాత రెండు రెండున్నర గంటలకోసారి అలారం పెట్టుకుని మళ్ళీ ట్రే. ఆ సమయంలో లైటు వేయొద్దు, కబుర్లు చెప్పొద్దు. వారం పది రోజుల తర్వాత పెట్టెని రోజుకో అడుగు చొప్పున జరుపుకుంటూ మీకు కావలసిన చోటికి చేర్చండి.

తిండి దగ్గర పాలన్నం, పెరుగన్నం సలహా మీకూ వచ్చే ఉంటుంది. ఆవుపాలలోని లాక్టోజ్ చాలా పిల్లలకి అరగక విరేచనాలు పడతాయి. పెరుగన్నంతో పొట్ట నిండుతుంది, ఎముకకీ కండకీ కావలసింది అందులో లేదు. ల్యాబ్‌కి లార్జ్ బ్రీడ్ పప్పీ అని రాసిన డ్రై ఫుడ్ తీసుకోండి. 4 కిలోల పిల్లకి రోజుకి 600 కేలరీలు కావాలి, అంటే సుమారు 150, 160 గ్రాములు. నాలుగు పూటలు, పూటకి 40 గ్రాములు, గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి పెట్టండి. కప్పుతో కాదు, వంటింటి తూకంతో. 3 నెలలు దాటాక మూడు పూటలు, 6 నెలలకి రెండు. వారానికోసారి బరువు చూడండి: దాన్ని ఎత్తుకుని మిషనెక్కి, అందులోంచి మీ బరువు తీసేయడమే. బ్రాండు మార్చాలంటే వారం రోజులు కొద్దికొద్దిగా కలుపుతూ మార్చండి. ఈ తిండి పెడుతూ పైన కాల్షియం సిరప్ పోయడం ల్యాబ్ లాంటి పెద్ద జాతులకి మేలు కాదు, కీళ్ళు దెబ్బతింటాయి. ఉత్త చికెనే పెట్టి పెంచితే దానికి ఉల్టా, కాల్షియం చాలక కాళ్ళు వంకరపోతాయి.

ఉల్లి, వెల్లుల్లి పడిన కూరన్నం, పాయసంలో కిస్మిస్, చాక్లెట్, ఉడికించిన ఎముకలు అసలు వద్దు. వేసవిలో మామిడి టెంక కూడా. చీకుతోంది కదా అని వదిలేస్తే మింగేస్తుంది, పేగులో ఇరుక్కుంటే ఆపరేషనే.

టీకాలు. ఒకటి అయింది కదా అని ధీమా వద్దు. తల్లిపాలతో వచ్చిన యాంటీబాడీలు వారాల పాటు ఉండి, ఇచ్చిన టీకాని కూడా పనిచేయనివ్వవు. అవి ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతాయో పైకి తెలియదు కాబట్టే మళ్ళీ మళ్ళీ వేస్తారు. మీ లెక్కన 70, 95, 115 రోజుల దగ్గర పడేలా డాక్టరుతో మాట్లాడుకోండి. చివరి డోసు 16 వారాలు నిండాకే పడాలి, అసలు కీలకం అదే. 3 నెలలు దాటాక రేబిస్, ఆ తర్వాత ఏటా. వానాకాలంలో మన సెల్లార్లలో నీళ్ళు నిలుస్తాయి, ఎలుకల మూత్రంతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది. కార్డు మీద వేసిన టీకాలో అది కూడా ఉందా అని అడగండి. నట్టల మందు 3 నెలల వరకు రెండు వారాలకోసారి, 6 నెలల వరకు నెలకోసారి, బరువుని బట్టి.

కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు పార్వో గురించి ఒక్క మాట. తిండి మానేసి, వాంతులు మొదలై, నెత్తురు కలిసిన దుర్వాసన విరేచనాలైతే తెల్లారేదాకా ఆగకండి, సెలైన్ ఎంత తొందరగా ఎక్కితే అంత మంచిది. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, చెప్పులకి అంటుకుని ఇంట్లోకి వస్తుంది. చెప్పులు గుమ్మం బయటే. డెట్టాల్‌కి అది చావదు. ఒక వంతు లిక్విడ్ బ్లీచ్, 30 వంతుల నీళ్ళు, 10 నిమిషాలు నేల తడిగా ఉండాలి.

పిడుదులు, అదే టిక్స్, మన ఉక్కపోతలో ఏడాదంతా ఉంటాయి. చెవుల లోపల, కాలివేళ్ళ మధ్య, కాలర్ కింద, తోక మొదట్లో రోజూ వేలితో తడమండి. కనిపిస్తే ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగండి. కిరసనాయిలు, అగ్గిపుల్ల పెట్టొద్దు. కుక్కని శుభ్రం చేసినా మళ్ళీ వస్తున్నాయంటే గోడల పగుళ్ళు, మంచం వెనక సందులు చూడాలి, ఆడ పిడుదు అక్కడికెళ్ళి వేలల్లో గుడ్లు పెడుతుంది. మందు మాత్రం డాక్టరు బరువు చూసి రాసిందే. పిడుదులు కనిపించాక జ్వరం, చిగుళ్ళు తెల్లబడటం, ముక్కు నుంచి నెత్తురు, కాఫీ రంగు మూత్రం ఉంటే రక్తపరీక్ష ఆలస్యం చేయొద్దు. స్నానం మూడు వారాలకోసారి చాలు. మన షాంపూ వద్దు, చెవులు పొడిగా తుడవండి, ల్యాబ్ చెవి తడిగా ఉంటే ఫంగస్ పట్టేస్తుంది.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌తో గొడవ వస్తే, కుక్కని పెంచకూడదని గానీ లిఫ్ట్ ఎక్కించకూడదని గానీ నిషేధించడం కుదరదని జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల్లో ఉంది. అయితే కారిడార్లో మలం ఎత్తేది మీరే. 3 నెలలు నిండేదాకా మెట్లు ఎక్కించొద్దు, లిఫ్టే వాడండి.

టీకాలు కాలేదని నాలుగు నెలలు తలుపు మూసి పెంచడం ఇంకో తప్పు. దాదాపు 3 నుంచి 14 వారాల మధ్య చూసినవే దానికి జీవితాంతం మామూలు విషయాలు. చూడనివన్నీ భయం, ఆ భయమే తర్వాత మొరుగుడూ, కరవడమూ. నేల మీద దింపకుండా గుడ్డలో ఎత్తుకుని రోజుకి పావుగంట తిప్పండి. ఎంవీపీ రైతుబజారు గేటుకి కాస్త దూరంగా, ఆటో స్టాండ్ పక్కన, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, గొడుగు, చేతికర్ర, బడి వదిలే వేళ పిల్లల గోల. ఏదైనా కొత్తది కనిపించగానే చిన్న ముక్క నోట్లో. తినడం మానేసి బిగుసుకుపోతే దగ్గరకెళ్ళి అలవాటు చేయించకండి, వెనక్కి పదడుగులు వేయండి. ఊళ్ళో దీపావళి టపాసులకి తోడు నేవీ విన్యాసాల రిహార్సల్స్‌లో హెలికాప్టర్ల మోత కూడా ఉంటుంది. ఆ శబ్దాలు ఫోన్లో మెల్లగా పెట్టి, తింటున్నప్పుడు వినిపిస్తూ, రోజులు గడిచేకొద్దీ కొంచెం కొంచెం పెంచండి.

బీచ్ మాత్రం చివరి టీకా అయిన రెండు వారాల తర్వాతే, అంటే మీ పిల్లకి నాలుగున్నర నెలలప్పుడు. పొద్దున్న ఏడు లోపే, తాడు మీదే, ఇంటి నుంచి మంచినీళ్ళు పట్టుకుని వెళ్ళండి. దాహానికి ఉప్పునీళ్ళు తాగితే వాంతులు, విరేచనాలు ఖాయం. తడి బంతితో ఇసుక మింగితే పొట్టలో గడ్డకడుతుంది. జాలరిపేట వైపు నడిచేటప్పుడు కళ్ళు నేల మీదే ఉంచండి. వలల్లోంచి ఏరి పారేసిన చేపల్లో బెలూన్‌లా ఉబ్బే పఫర్ ఫిష్ ఉండొచ్చు, ఎండిపోయినా దాని విషం పోదు. అందుకే అక్కడికి వెళ్ళేలోపు ఇంట్లో 'వదిలెయ్' నేర్పాలి: గుప్పిట్లో ముక్క పెట్టి మూతి దగ్గర ఉంచండి, నాకనీ, గీకనీ, గుప్పిట తెరవకండి. మూతి వెనక్కి తీసిన క్షణంలో రెండో చేతిలోంచి అంతకన్నా మంచి ముక్క ఇవ్వండి. రోజుకి మూడు నిమిషాల చొప్పున రెండు సార్లు. నేల మీద పెట్టిన ముక్కని కూడా దాటి వచ్చేస్తున్న రోజున బీచ్‌కి బయల్దేరండి.