పిల్లి మీసాల మీద వ్యాసం పంపిన కుర్రాడికి

చిరంజీవికి,

నీ వ్యాసం అందింది. “పిల్లి మీసం దేవుడిచ్చిన కొలటేపు. కన్నంలో పెట్టి కొలుచుకుంటుంది, పడితే దూరుతుంది, పట్టకపోతే వెనక్కి తిరుగుతుంది” అని రెండో పేరాలో రాశావు. అక్కడే కాగితాలు పక్కన పడేసి టీ పెట్టుకోవడానికి లేచాను. కోపం తగ్గాక మిగతాది చదివాను. భాష బాగుంది. అసలు సంగతికి వస్తాను.

ఈ టేపు మాట నీది కాదు. నువ్వు పుట్టకముందు నుంచీ పిల్లల పేజీల్లో తిరుగుతోంది. ఒకరు రాసింది చూసి ఇంకొకరు రాస్తారు, పిల్లిని చూసి రాసినవాడు మాత్రం కనబడడు. మీసాల వెడల్పు ఇంచుమించు ఒంటి వెడల్పుకు దగ్గరగా ఉంటుందన్నది నిజమే. ఇరుకు సందులో గోడ తగులుతోందని మీసాలు చెబుతాయన్నదీ నిజమే. కానీ తిని తిని పొట్ట పెరిగిన పిల్లికి, పొట్టతో పాటు మీసం పెరగదు. మరి నీ టేపు ఏమైనట్టు? 2024లో బుడాపెస్ట్ పరిశోధకుడు పీటర్ పొంగ్రాట్స్ పెంపుడు పిల్లుల ముందు కన్నాలున్న అడ్డుపలకలు పెట్టి చూసిన ఫలితాలు అచ్చయ్యాయి. కన్నం వెడల్పు తగ్గించుకుంటూ పోతే అవి పెద్దగా ఆలోచించకుండానే దూరాయి. ఎత్తు తగ్గించినప్పుడే తటపటాయించాయి. పిల్లి కాలర్ బోన్ మనకున్నట్టు భుజానికి బిగిసి ఉండదు, కండల మధ్య తేలుతూ ఉంటుంది. అందుకే తల పట్టిన చోట మిగతా ఒళ్ళూ జారిపోతుంది. ఈ ఎముక సంగతి నీ వ్యాసంలో ఎక్కడా లేదు. దేవుడు మాత్రం మూడుసార్లు వచ్చాడు.

నేను ఎవరు కనబడినా చెప్పే మాట ఒకటుంది, మా ఇంట్లోవాళ్ళు విని విని విసిగిపోయారు, నువ్వూ విను. “ఎందుకు” అని రాసే ముందు “ఎలా” అన్నది రాయాలి. ఎందుకు అన్నదానికి మంచం మీద పడుకుని ఏదైనా కల్పించొచ్చు. ఎలా అన్నది రాయాలంటే లేచి పిల్లి దగ్గరికి వెళ్ళాలి.

వెళ్ళావనుకో. దాని ముక్కు కిందే చిన్న చేప ముక్క వెయ్యి. ఆ మూల నుంచి ఈ మూలకి పాకే బొద్దింకను పట్టేసే పిల్లి, కాళ్ళ దగ్గర పడ్డ ముక్క కోసం నేలంతా వాసన చూస్తూ వెతుకుతుంది. అందరిళ్ళలోనూ జరిగేదే. చూసి “పిచ్చి పిల్లి” అని నవ్వుకుంటాం. పిచ్చేం కాదు. పాతిక ముప్ఫై సెంటీమీటర్ల కంటే దగ్గరగా ఉన్నదాన్ని దాని కళ్ళు స్పష్టంగా చూడలేవు. అప్పుడు మూతి పక్కన గమనించు. తీరిగ్గా పడుకున్నప్పుడు పక్కలకు చాచి ఉండే మీసాలు ముందుకు వంగుతాయి. ఎలుకను నోట కరిచినప్పుడైతే దాని చుట్టూ బుట్ట అల్లినంత పని చేస్తాయి. ఎలుక ఎటు గింజుకుంటోందో, మెడ ఎటుందో చెప్పేది ఆ క్షణంలో కళ్ళు కాదు, ఈ మీసాలే. నువ్వేమో వేట మొత్తం పిల్లి “వెలిగే కళ్ళ”కు అప్పజెప్పావు. కటిక చీకట్లో పిల్లికీ కనబడదు నాయనా.

ఇంకా చూడు. సాధారణంగా మూతికి ఒక్కో వైపు 12 మీసాలు, నాలుగు వరసల్లో. పై రెండు వరసలు కింది రెండింటితో సంబంధం లేకుండా కదలగలవు. కళ్ళ పైన కొన్ని ఉంటాయి, చీపురు పుల్లతో మెల్లిగా తాకితే ఆ కన్ను టక్కున మూసుకుంటుంది. ముందు కాళ్ళ వెనక, మణికట్టు దగ్గరా కొన్ని ఉంటాయి. వాటి గురించి నువ్వు రాయలేదు, పిల్లి కాలు ఎత్తి చూసినవాళ్ళకే తెలుస్తుంది. పట్టిన ఎలుకను పంజాల మధ్య నొక్కినప్పుడు పనికొచ్చేవి అవే.

ఇక మీ తమ్ముడు మీసం కత్తిరిస్తే పిల్లి “నొప్పితో విలవిల్లాడిపోయింది” అన్న సన్నివేశం. కత్తిరిస్తే నొప్పి ఉండదు. పీకితే ఉంటుంది. పిల్లి గింజుకుందంటే వాడు పట్టుకున్నందుకు అయ్యుంటుంది. వెంట్రుక నిర్జీవమైనదే, మీసంలో నరం లేదు. ఉన్నదంతా వేరులో ఉంది. మామూలు బొచ్చు కంటే దాదాపు మూడింతలు లోతుగా దిగి ఉంటుంది ఆ వేరు. చుట్టూ రక్తం నిండిన సంచి, ఆ సంచి నిండా నరాల కొసలు. గాలం కర్ర చివర చేప కొరికితే పిడికిలికి తెలిసినట్టు, మీసం కొస ఏ మాత్రం వంగినా వేరుకు తెలుస్తుంది. తగలక్కర్లేదు కూడా, దగ్గర్లో ఏదైనా కదిలి గాలి జరిగినా చాలు. కత్తిరించాక జరిగే అన్యాయం నొప్పి కాదు, మళ్ళీ పెరిగేదాకా వారాల తరబడి ఆ పిల్లి చీకట్లో తడుముకోవడం. నీ కథకు పనికొచ్చేది అది. నువ్వు మాత్రం “మ్యావ్ మ్యావ్” అని అరిపించి ముగించావు.

అసలు ఈ “ఎలా” అంటే పత్రికలవాళ్ళకు మొదటి నుంచీ గిట్టదు. నేను కొత్తగా రాస్తున్న రోజుల్లో ఒక వారపత్రికకు ఇదే విషయం మీద పంపాను. 1970లో వుల్సీ, వాన్ డెర్ లూస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చిట్టెలుక మెదడులో ఒక్కో మీసానికీ ఒక్కో కణాల గుంపు, పీపా ఆకారంలో, మూతి మీద మీసాలున్న వరసలోనే ఉండటం చూశారు. పిల్లి నుంచి ఎలుకకు వెళ్ళి, మళ్ళీ పిల్లి దగ్గరికి వచ్చేలా ఎంతో ముచ్చటపడి రాసుకున్న పేరా అది. ఎడిటర్‌గారు సరిగ్గా దాన్నే కోసేశారు. “పాఠకుడికి బరువండీ” అన్నారు. ఆ ఖాళీలో మీసం మెలేసిన పిల్లి బొమ్మ ఒకటి వేయించి, చివర “కాబట్టి పిల్లలూ, మూగజీవాలను ప్రేమిద్దాం” అని ఆయనే ఒక వాక్యం కలిపారు. కింద నా పేరు. ఊళ్ళో పోస్టుమాస్టరు దగ్గర్నుంచీ అందరూ ఆ వాక్యమే మెచ్చుకున్నారు! ఇప్పుడు మాత్రం మారిందేముంది? “మీకు తెలుసా?” అని మొదలెట్టి పది ముక్కలు పేర్చమంటున్నారు. నువ్వూ అలాగే మొదలుపెట్టావు. తెలియకపోబట్టే కదయ్యా చదువుతున్నాడు, మళ్ళీ అడగడం దేనికి?

ఒక్క చోట ఆగాను. చూపు పోయిన మీ నాయనమ్మ పడుకుని ఉంటే పిల్లి వచ్చి మొహం దగ్గర మొహం పెట్టేదనీ, చెంపకు మీసం తగలగానే ఆవిడ “వచ్చావుటే” అనేదనీ రాశావు. దాన్ని ఎక్కడ పెట్టావు? చివరి పేజీలో, బ్రాకెట్లలో. ఇద్దరికీ అంత దగ్గర్లో కళ్ళు పనిచెయ్యవు. వ్యాసం అక్కడ మొదలవ్వాలి. ఆవిడ ఏ వైపు తిరిగి పడుకునేది, పిల్లి మంచం ఎటు నుంచి ఎక్కేది, ఆ మీసాలు ముందుకు ఉండేవా వెనక్కి అతుక్కుని ఉండేవా, గుర్తున్నంత రాయి. భయపడితే వెనక్కి లాక్కుంటుంది, ఆరా తీస్తుంటే ముందుకు చాస్తుంది. ఆవిడ గురించి జాలి మాటలు మాత్రం వద్దు.

సొంత ఖర్చుతో పుస్తకం వెయ్యొచ్చా అని అడిగావు, కలం పేరు సంగతీ అడిగావు. కలిసినప్పుడు చూద్దాం.

ముందు మొదటి రెండు పేజీలూ కొట్టెయ్. దేవుడినీ టేపునీ తీసేసి, నాయనమ్మ దగ్గర్నుంచి మళ్ళీ రాసి పంపు. కాగితానికి ఒకవైపే రాసి పోస్టులో వెయ్యి. ఫోన్లో ఫొటోలు తీసి పంపితే నా కళ్ళకు ఆనవు.

ఆశీస్సులతో,
మాస్టారు