తిండి తగ్గలేదు, ఒళ్ళు తగ్గింది

ప్రశ్న: నాలుగేళ్ల క్రితం వీధిలో గాయపడి కనిపించిన పిల్లిని ఇంటికి తెచ్చి పెంచుకుంటున్నాను. ఇప్పుడు దానికి 13 ఏళ్లు ఉండవచ్చని డాక్టరుగారి అంచనా. ఆకలి బాగానే ఉన్నా చిక్కిపోతోంది. వారానికి రెండు మూడుసార్లు వాంతి చేసుకుంటోంది, విరేచనం పలచగా అవుతోంది. బలానికని పాలు, మేం వాడే విటమిన్ పొడి ఇస్తున్నాను. ఇంకేమి ఇవ్వవచ్చు?

జవాబు: ముందు ఆ రెండూ మానండి. తల్లిపాలు మానిన తరువాత చాలా పిల్లుల్లో లాక్టోజ్‌ను (పాలలోని చక్కెరను) అరిగించే ఎంజైము తగ్గిపోతుంది కనుక, పలచని విరేచనాలకు పాలు కూడా ఒక కారణం కావచ్చు. మనుషుల విటమిన్ పొడుల్లోని ఎ, డి విటమిన్లు మోతాదు మించితే ఒంట్లో పేరుకొని హాని చేస్తాయి.

బాగా తింటూనే చిక్కిపోవడాన్ని మాత్రం ముసలితనం ఖాతాలో వేయకండి, వాంతులను ఒళ్ళు నాకేటప్పుడు మింగిన వెంట్రుకల ఉండల మీదికి నెట్టకండి. నాలుగు కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గితే, అరవై కిలోల మనిషి ఆరు కిలోలు తగ్గినట్టే. ఈ వయసులో థైరాయిడ్ అతిగా పనిచేయడం, మధుమేహం, పేగుల్లో దీర్ఘకాలపు వాపు, నెమ్మదిగా పెరిగే లింఫోమా అనే క్యాన్సర్ ఇలాగే బయటపడతాయి. రక్తం, మూత్రం, మలం పరీక్ష చేయించి, థైరాయిడ్‌తో పాటు బి12 స్థాయి కూడా చూడమని అడగండి. బి12ను గ్రహించేది చిన్నపేగు చివరి భాగం. అది దెబ్బతింటే ఎంత మంచి తిండి పెట్టినా ఆ లోటు తీరదు. అప్పుడు సాధారణంగా వారానికొకటి చొప్పున ఆరు ఇంజెక్షన్లు ఇస్తారు. అవసరం తేలితే నిజంగా పనికివచ్చే సప్లిమెంటు ఇదే. ప్రొబయోటిక్ (పేగులకు మేలు చేసే సూక్ష్మజీవుల మందు) కావాలంటే ఇవ్వవచ్చు గానీ, దానితో పరీక్షను వాయిదా వేయడం సరికాదు.

మూత్రపిండాలు బాగుంటే మాంసకృత్తులు తగ్గించవలసిన పని లేదు. ముసలి పిల్లుల్లో కొన్నింటికి అవి అరిగే శక్తి తగ్గుతుంది కనుక తేలికగా అరిగే ఆహారం కావాలి. ఉడికించిన మాంసం ఒక్కటే పెడితే కాల్షియం వంటివి చాలవు, పిల్లులకు తప్పనిసరైన టారిన్ అనే అమైనో ఆమ్లం కూడా తగ్గిపోవచ్చు. టారిన్ లోపిస్తే గుండె కండరం బలహీనపడుతుందని 1987లోనే తేలింది. పేగుల వాపని అనుమానం ఉంటే, డాక్టరు సూచించిన హైడ్రోలైజ్డ్ ఆహారాన్ని (మాంసకృత్తులను ముందే చిన్న ముక్కలుగా విడగొట్టినది) రెండు మూడు వారాలు, మధ్యలో మరేమీ పెట్టకుండా వాడి చూడాలి. కొత్త ఆహారాన్ని వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా పాతదానిలో కలుపుతూ మార్చండి. మొండికేస్తే పస్తు పెట్టకండి: కొద్ది రోజులు తినకపోతే పిల్లుల కాలేయంలో కొవ్వు పేరుకొని ప్రాణం మీదికి వస్తుంది. ఒక రోజంతా ఏమీ ముట్టకపోయినా, వాంతిలో గానీ మలంలో గానీ రక్తం కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.