ఆ మౌంట్ సంగతి మీవాణ్ణే అడగండి

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె, కొబ్బరితోట మీద బతుకు. మావాడు భీమవరంలో బీటెక్ సీఎస్ఈ మూడో ఏడు. నాలుగు నెలలుగా ఆర్‌క్లోన్ అనే ఉచిత టూల్‌లో ‘మౌంట్’ బాగుచేస్తానంటూ రాత్రి ఒంటిగంటదాకా కూర్చుంటున్నాడు. పొద్దున కాలేజీ బస్సు తప్పిపోతోంది. పైసా రాదట. మానెయ్యమనాలా?

జవాబు: మానిపించకండి. కాకపోతే ఓ చిన్న పరీక్ష పెట్టండి, అదేంటో చెబుతాను.

ఆర్‌క్లోన్ అంటే ఇంటర్నెట్లో దాచిన ఫైళ్లని మన కంప్యూటర్ నుంచి వాడుకోనిచ్చే టూల్. ఎక్కడో సర్వర్లో ఉన్న ఆ ఫైళ్లని మన కంప్యూటర్లోనే ఇంకో డ్రైవ్‌లా చూపించడమే మౌంట్. ఎండాకాలం కాలవలు కట్టేసే ముందు ఊళ్లో మంచినీళ్ల చెరువు నింపి పెట్టుకుంటారు కదండీ, ఇందులో క్యాష్ (డబ్బు కాదండీ, దాచుకునే చోటు) అలాంటిదే. చదివిన ముక్కల్ని మన డిస్కులో దాచి ఉంచుతుంది. ఎంత దాచాలి, అవతల ఎవరో ఫైలు మారిస్తే ఇవతల ఎప్పటికి తెలియాలి? తలనొప్పంతా అక్కడే.

ఓ ఫోటో స్టూడియోలో పెళ్ళి ఫోల్డర్ ఉందనుకోండి, 4,000 ఫోటోలు. హార్డ్ డిస్కులో దాని పేరు మార్చడం చిటికెలో పని. అదే అమెజాన్ వాళ్ల ఆన్‌లైన్ స్టోరేజ్ ఎస్3లో పెడితే, అక్కడి మామూలు బకెట్లో (ఫైళ్లు వేసే డబ్బా అనుకోండి) అసలు ఫోల్డరే ఉండదు, ఫైలు పేరులో అదో ముక్క. అందుకని ప్రతి ఫోటోనీ కొత్త పేరుతో కాపీ చేసి, పాతది చెరపాలి. మధ్యలో నెట్ పోయిందా, సగం పాత పేరుతో, సగం కొత్త పేరుతో. ఇలాంటిదాంతో కుస్తీ పట్టినవాడికి ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం మళ్లీ ఎవరూ చెప్పక్కర్లేదు.

ఉద్యోగం మాటకొస్తే, క్యాంపస్‌కొచ్చే సర్వీస్ కంపెనీల ఆప్టిట్యూడ్ పరీక్షకి ఇదేం ఆదుకోదు, దానికి వేరే చదవాల్సిందే. స్టోరేజ్, బ్యాకప్, క్లౌడ్ మీద పనిచేసే టీమ్‌ల ఇంటర్వ్యూల్లో మాత్రం మాట్లాడ్డానికి సరుకుంటుంది. అయితే రెజ్యూమెలో ‘ఓపెన్ సోర్స్ కాంట్రిబ్యూటర్’ (ఇలాంటి ఉచిత టూల్ కోడ్‌కి చెయ్యి వేసినవాడు) అని రాసుకుని, గుచ్చి అడిగితే స్పెల్లింగు దిద్దానని చెప్పినవాళ్లనే నేనెక్కువ చూశాను.

మౌంట్ మొత్తం తిరగరాస్తానంటే ఒప్పుకోకండి. ఆ టూల్ వాడేవాళ్లు ఎవరో రాసిన ఒక్క ఫిర్యాదు తీసుకుని, ఆ తప్పుని తన కంప్యూటర్లో మళ్లీ రప్పించి, డీబగ్ లాగ్ (టూల్ ఏమేం చేసిందో రాసుకునే చిట్టా) చూసి, ఆ తప్పు మళ్లీ తలెత్తితే పట్టుకునే ఓ చిన్న టెస్ట్ కోడ్ రాయమనండి. టూల్ రాసింది గో భాషలో, లైనక్స్‌లో మౌంట్ నడిచేది ఫ్యూజ్ మీద, అంటే మామూలు ప్రోగ్రామ్ కూడా ఫైళ్లని డ్రైవ్‌లా చూపించనిచ్చే ఏర్పాటు. ఈ రెండూ వస్తే చాలు, మొదలెట్టొచ్చు. ఎండాకాలం సెలవుల్లోపు ఒక్క మార్పయినా ఆ టూల్ నడిపేవాళ్లు ఒప్పుకునేలా చేస్తే బాగా చేసినట్టే.

ఇక పరీక్ష. అన్నం దగ్గర, “ఫోల్డర్ పేరు మారిస్తే అంతసేపెందుకురా?” అని అడగండి. మీకు అర్థమయ్యేలా చెబితే వదిలెయ్యండి. “నీకు తెలీదులే నాన్నా” అంటే ఇంకో నెల ఆగి మళ్లీ అడగండి. రాత్రి పదకొండున్నరకి మాత్రం లైటు ఆర్పించండి, ఆ బస్సు తప్పకూడదు.