నాది కాని చలాన్ నేనెందుకు కట్టాలి?

అడిగిన ప్రశ్న ఇది: బెంగళూరులో బైక్ మీద తిరిగేవాళ్ళకు చేయని తప్పుకు చలాన్ వస్తే పోలీసులతో మాట్లాడి రద్దు చేయించుకోగలమా, లేక 500 రూపాయలే కదా అని కట్టేసి ఊరుకోవడం మేలా? బండి ఏపీ నంబరుదైతే ఇంకా ఇబ్బందా?

కట్టొద్దు. చేయని తప్పుకు ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. పంతం కొద్దీ చెప్పడం లేదు, నాకు జరిగింది కాబట్టి చెప్తున్నా.

మాది మదనపల్లె. బెంగళూరు వచ్చి పదకొండేళ్ళయింది. ఇళ్ళలో వాటర్ ఫిల్టర్లు సర్వీసు చేసే పని నాది. పొద్దున ఎనిమిదింటికి బండి తీస్తే మళ్ళీ రాత్రి ఎనిమిదికే ఇంటి ముందు స్టాండు వేసేది. చందాపుర, బొమ్మనహళ్ళి, హెచ్ఎస్ఆర్ లేఔట్, సర్జాపుర రోడ్డు అన్నీ తిరిగితే రోజుకు అరవై డెబ్భై కిలోమీటర్లవుతుంది. 2017లో కొన్న హోండా షైన్, కేఏ 51 నంబరు. ఇన్నేళ్ళలో రెండుసార్లు ఫైన్ కట్టాను. ఒకటి సిల్క్ బోర్డు దగ్గర సిగ్నల్ గీత దాటి ఆపినందుకు, రెండోది వన్‌వేలో ఎదురు పోయినందుకు. రెండూ నా తప్పులే, నోరెత్తకుండా కట్టేశాను.

మూడోది నాది కాదు. ఒకరోజు రాత్రి అన్నం తింటుంటే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. సిగ్నల్ జంప్‌కు 500, వెనక కూర్చున్న మనిషికి హెల్మెట్ లేనందుకు ఇంకో 500. చోటు చూస్తే హెన్నూరు వైపు. నేను ఆ నెలలో హెన్నూరు పక్కకే పోలేదు. మా బావకు ఫోన్ చేస్తే, "వెయ్యి రూపాయల కోసం ఒకరోజు పని పోగొట్టుకుంటావా? కట్టి పారేయ్ రా" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది. మా ఆవిడ మాత్రం నా ఫోన్ తీసుకుని చలాన్‌లో ఉన్న ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చూసింది. "మన బండికి చీర గార్డు ఉంది కదా, దీనికేదీ?" అంది.

అప్పుడు నేనూ సరిగ్గా చూశాను. అదీ షైనే, రంగు కూడా నలుపే. కానీ ఎడమ పక్క చీర గార్డు లేదు. నేను పనిముట్ల సంచీ పెట్టుకోవడానికి వెనకాల బిగించుకున్న ఇనుప క్యారియర్ లేదు. అన్నిటికంటే ముఖ్యం నంబర్ ప్లేటు. నాది 2024లో వేయించిన హై సెక్యూరిటీ ప్లేటు. ఎడమ మూల నీలం రంగులో ఐఎన్‌డీ అని ఉంటుంది, పైన అశోక చక్రం హోలోగ్రామ్ మెరుస్తుంటుంది. ఫోటోలో ఉన్నది ఏ స్టిక్కర్ షాపులోనో రాయించిన మామూలు ప్లేటు. నా నంబరులో చివరి అంకె 3. దాని చివరి అంకె చూడ్డానికి 3 లాగే ఉంది గానీ, బాగా దగ్గరికి లాగి చూస్తే ఎడమ పక్క రంగు రాలిపోయిన గుర్తు కనిపిస్తోంది. అది 8. ఎడమ పక్క సగం రాలిపోయేసరికి కెమెరా దాన్ని 3 అని చదివేసింది.

బెంగళూరులో ఇప్పుడు చలాన్లలో చాలావరకు మనిషి రాసేవి కాదు. 2022 డిసెంబరులో 50 జంక్షన్లలో నంబర్ ప్లేట్లు చదివే కెమెరాల వ్యవస్థ మొదలుపెట్టారు. మంచిదే, రోడ్డు మీద చేతులు తడపడం తగ్గింది. కానీ మిషన్ చదివినదాన్ని ఇంకో మనిషి సరిగ్గా చూడాలి కదా? ప్లేటు మీద అంకెలు వంకరగా రాయించుకుని, 8055 వేసి దాన్ని బాస్ అని చదవమనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళ సరదాకు నాలాంటివాడు లీవు పెట్టుకోవాలి.

మర్నాడు మా ఏరియా ట్రాఫిక్ స్టేషన్‌కు వెళ్ళాను. చేతిలో ఆర్సీ, నాలుగు వైపుల నుంచీ తీసిన బండి ఫోటోల ప్రింట్లు, చలాన్ పడిన రోజు నేను ఎక్కడ ఏం పని చేశానో రాసిన జాబ్ షీటు. ఆ జాబ్ షీటే నన్ను కాపాడింది. చలాన్‌లో టైము మధ్యాహ్నం 12:40. ఆ టైముకు నేను చందాపురలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఫిల్టర్ మెంబ్రేన్ మారుస్తున్నాను. ఇంటివాళ్ళు సంతకం పెట్టి టైము కూడా రాశారు. చందాపుర ఊరికి ఈ చివర, హెన్నూరు ఆ చివర. కౌంటర్‌లో ఉన్నాయన కాగితాలు తిప్పి కూడా చూడలేదు. "ఫోటో ఇదెయల్వా" అన్నాడు. ఫోటో ఉంది కదా, ఇంకేం మాట్లాడతావని. "సార్, ఈ గాడి నందల్ల", ఈ బండి నాది కాదని మూడుసార్లు చెప్పాను. కెమెరా చలాన్లు ఇక్కడ తీసేయలేమన్నాడు, పెద్దాఫీసుకు పొమ్మన్నాడు. నేను గొంతు పెంచలేదు. గొంతు పెంచితే చలాన్ సంగతి పక్కకు పోయి మన ప్రవర్తన సంగతి మొదలవుతుంది. ఎక్కడికి పోవాలో, ఎవర్ని కలవాలో కాగితం మీద రాసిమ్మన్నాను. రాసిచ్చాడు.

పెద్దాఫీసులో గంటన్నర కూర్చున్నాక ఒక సబ్ ఇన్‌స్పెక్టర్ పిలిచాడు. ఫోటోను కంప్యూటర్‌లో తెరిచి, ఆ చివరి అంకె ఒక్కటే తెరంతా నిండేలా పెద్దది చేశాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత 3 తీసేసి 8 కొట్టాడు. ఆ నంబరు మీదా నల్ల షైనే వచ్చింది. కింద కట్టని చలాన్లు ఒకదాని కింద ఒకటి దిగుతూనే ఉన్నాయి. ఆయన మౌస్ తిప్పుతూనే ఉన్నాడు. అప్పుడు నా వైపు తిరిగి తెలుగులో "మీదెక్కడ?" అన్నాడు. మదనపల్లె అంటే, "మాది శ్రీనివాసపురం" అన్నాడు. మామిడికాయల కాలంలో మా లారీలు పోయే ఊరే. తెలుగు వచ్చినాయన కాబట్టి పని అయిందనుకునేరు, కాదు. అంతకు ముందే జాబ్ షీటు చూసి ఫైల్లో పెట్టేశాడు. తొమ్మిదో రోజున నా పేరు మీద ఉన్న చలాన్ పోయింది.

నాకు బాధ ఎక్కడంటే, ఈ పని చేసేవాళ్ళు చాలా తక్కువ. 2023 ఫిబ్రవరిలో పాత చలాన్లకు సగం తగ్గింపు ఇస్తే కొద్ది రోజుల్లోనే నూరు కోట్లు దాటి వసూలైంది. 2025 ఆగస్టు 23 నుంచి సెప్టెంబరు 12 దాకా మళ్ళీ ఇచ్చారు. అందులో తప్పు చేసి కట్టినవాళ్ళు ఉన్నారు, సరే. కానీ నాది కాదని తెలిసి కూడా "సగమే కదా, పీడ పోతుంది" అని కట్టినవాళ్ళు నాకు తెలిసినవాళ్ళలోనే ముగ్గురున్నారు. వాళ్ళు కట్టగానే ఆ తప్పు వాళ్ళదే అయిపోయింది. నంబరు తప్పుగా చదివించుకుంటున్న ఆ బండి హాయిగా తిరుగుతూనే ఉంది. రేపు అదే బండి ఎవరినైనా గుద్ది పారిపోతే పోలీసులు ఎవరింటికి వస్తారు? ఆ మాట తలుచుకుంటే నాకు నిద్ర పట్టలేదు. వెయ్యి రూపాయల కోసం కాదు నేను తిరిగింది.

మీరు ఈ-చలాన్ పోర్టల్‌లో చలాన్‌ను కాదంటే అది ఆన్‌లైన్‌లో నడిచే వర్చువల్ కోర్టుకు, అక్కడి నుంచి మామూలు కోర్టుకు పోవచ్చు. వర్చువల్ కోర్టులో డబ్బు కట్టే బటన్ పక్కనే, ఒప్పుకోను అనే బటన్ కూడా ఉంటుంది. అది నొక్కితే కేసు మామూలు కోర్టుకు వెళుతుంది. భయపడాల్సింది లేదు గానీ తిరగాల్సి వస్తుంది. అందుకే ముందు పోలీసుల దగ్గరే ఫోటో చూపించి అడగండి. ఫోటోలో చోటు, తేదీ, టైము ఉండాలని, నోటీసు 15 రోజుల్లో పంపాలని 2021లో కేంద్రం తెచ్చిన రూల్సులోనే పెట్టారు. అవి లేకపోతే అదే మాట రాసివ్వండి.

ఇక రోడ్డు మీద ఆపేవాళ్ళ సంగతి. బయటికి కనిపించే తప్పు ఏదీ లేనప్పుడు కాగితాలు చూడ్డానికే బండ్లు ఆపొద్దని, డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీ ఒక్కటే వేరని 2022లోనే అప్పటి డీజీపీ ప్రవీణ్ సూద్ చెప్పారు. 2025 మేలో మండ్యలో పోలీసులు ఆపబోతుంటే బైక్ పడిపోయి మూడేళ్ళ పాప చనిపోయింది. ఆ తర్వాత బండ్లను ఉన్నట్టుండి ఆపొద్దని, తాళాలు లాక్కోవద్దని మళ్ళీ ఆదేశాలిచ్చారు. అయినా ఆపితే ఆగండి. పారిపోవద్దు, సందులోకి తిప్పొద్దు. ఇంజన్ ఆపి, హెల్మెట్ తీసి, ఫోన్‌లో డిజిలాకర్ యాప్ తెరిచి అందులో ఆర్సీ, లైసెన్సు చూపించండి. 2018 నుంచి అది కాగితంతో సమానం. "సార్, ఏదో చూసుకోండి" అని మనవాళ్ళు కొందరు జేబులో చెయ్యి పెడతారే, అది మాత్రం చేయకండి. ఆ చెయ్యి జేబులోకి పోయిందంటే తప్పు ఒప్పుకున్నట్టే. రెండు కన్నడ ముక్కలు నేర్చుకోండి. పొద్దున్నుంచీ పొగలో, ఎండలో నిలబడిన మనిషితో వాళ్ళ భాషలో "సార్, ఒందు నిమిష" అంటే ఆయన మాట కూడా మెత్తబడుతుంది.

ఏపీ నంబరు గురించి అడిగారు. ఆ నంబరు ఉన్నంత మాత్రాన ట్రాఫిక్ ఫైన్ వేయడానికి లేదు. పన్ను, నంబరు మార్పు ఆర్టీవో వ్యవహారం. కానీ వేరే రాష్ట్రం బండిని 12 నెలలు దాటి ఇక్కడే ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. ఇక్కడే స్థిరపడేవాళ్ళు అక్కడి ఆర్టీవో దగ్గర ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, తెచ్చుకుని మార్పించుకోవడమే మంచిది. మా తమ్ముడు మూడేళ్ళు వాయిదా వేసి ఇప్పుడు తిరుగుతున్నాడు.

ఇవాళే ఒక పని చేయండి. మీ బండిని నాలుగు వైపుల నుంచీ ఫోటో తీసి పెట్టుకోండి. నంబర్ ప్లేటు, దాని స్క్రూలు, సీటు మీద చిరుగు, అద్దం మీద పగులు, చీర గార్డు, ఏదీ వదలకుండా.