పాత పికప్‌కు బిగించిన పవర్ స్టీరింగ్ మరీ తేలికగా ఉంటే ముందు చూడవలసింది పంపు కాదు

మీరు 2003 మోడల్ పికప్‌కు నిరుడు సెకండ్ హ్యాండ్ పవర్ స్టీరింగ్ బాక్సు, పంపు పెట్టించానని, అప్పటి నుంచి విజయనగరం, నాతవలస మధ్య 70 దాటితే స్టీరింగ్ చేతికి ఆనడం లేదని, పంపు ప్రెషర్ తగ్గించమని మెకానిక్ చెబుతున్నాడని రాశారు. సరిగ్గా ఇదే సలహా విని నేను డబ్బు, నెల రోజులు పోగొట్టుకున్నాను కాబట్టి, ఆ పని చేయించే ముందు ఇది చదవమని కోరుతున్నాను.

మాది కూడా మామూలు స్టీరింగుతో వచ్చిన పాత బండే. ముందు, వెనక కమాన్ పట్టీలే (లీఫ్ స్ప్రింగులే). ఉద్దానం కొబ్బరికాయలు శ్రీకాకుళం చేర్చడానికి కొన్నాం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తోటలను నేలమట్టం చేశాక ఆ బాడుగలు తగ్గి, పలాస నుంచి జీడిపప్పు డబ్బాలు విశాఖ తీసుకెళ్లడం మొదలుపెట్టాం. వెళ్లేటప్పుడు లోడు, వచ్చేటప్పుడు తరచుగా ఖాళీ. లోడు మీద ఫర్వాలేదనిపించిన స్టీరింగ్, ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు రణస్థలం దాటాక ఈదురుగాలి కొట్టిందంటే ఒక్క వేలికే తిరిగిపోయేది. దానికంటే పెద్ద ఇబ్బంది ఏమిటంటే, తిప్పిన స్టీరింగ్ దానంతటది వెనక్కి వచ్చేది కాదు. నేను సరిచేస్తే అటు ఎక్కువయ్యేది, మళ్లీ సరిచేస్తే ఇటు ఎక్కువయ్యేది.

మొదట వెళ్లిన షెడ్డులో పంపు రిలీఫ్ వాల్వులో (ఒత్తిడి హద్దు దాటకుండా ఆపే వాల్వులో) వాషరు వేసి ప్రెషర్ తగ్గించారు. రోడ్డు మీద తేడా ఏమీ కనిపించలేదు కానీ, కాశీబుగ్గ సందుల్లో లోడుతో బండి మళ్లించాలంటే భుజాలు పట్టేసేవి. దీనికి కారణం తర్వాత అర్థమైంది. బండి నేరుగా పోతున్నప్పుడు పంపులో ఒత్తిడి ఎలాగూ తక్కువగానే ఉంటుంది. రిలీఫ్ వాల్వు పని చేసేది స్టీరింగును చివరిదాకా తిప్పి పట్టినప్పుడో, నిలబడ్డ బండిని బలవంతంగా తిప్పినప్పుడో మాత్రమే. అంటే నాకు సహాయం కావలసిన చోట దాన్ని తీసేసి, అక్కర్లేని చోట అలాగే వదిలేశారన్న మాట. ఇంకొక చోట బాక్సు మీద ఉండే అడ్జస్టింగ్ స్క్రూ బిగిస్తే బరువు వస్తుందన్నారు. అది లోపలి పళ్ల మధ్య ఖాళీ సరిచేయడానికి ఇచ్చిన స్క్రూ. బరువు కోసం బిగిస్తే స్టీరింగ్ మధ్యకు రావడం ఇంకా కష్టమవుతుంది, బాక్సూ అరిగిపోతుంది. నేను అందుకు ఒప్పుకోలేదు.

అసలు సంగతి శ్రీకాకుళంలో కమాన్ పట్టీలు కట్టే ఒక పెద్దమేస్త్రి చెప్పాడు. బండిని పక్క నుంచి ఒకసారి చూసి, "స్టీరింగుకేటి కాలేదు బాబూ, బండి ముక్కు కిందికేసుకుని నడుస్తంది" అన్నాడు. ఎక్కువ బరువు మోయాలని మేమే వెనక రెండేసి అదనపు పట్టీలు వేయించుకున్నాం. ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం లేచి, ముందు భాగం వంగి ఉండేది.

ఇక్కడ కాస్టర్ కోణం గురించి కొంచెం చెప్పాలి. సైకిలు ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉన్నట్టే, బండి కింగ్ పిన్ను (ముందు చక్రం అటూ ఇటూ తిరగడానికి ఆధారమైన ఇరుసు చివరి పిన్ను) కూడా పైభాగం వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలే చక్రాన్ని నేరుగా లాగి పట్టుకుంటుంది, ఆ లాగుడే చేతికి బరువుగా తెలుస్తుంది. మామూలు స్టీరింగు బండ్లకు తిప్పడం సులువు కావాలని తయారీలోనే ఈ వాలు తక్కువ ఇస్తారు. పవర్ స్టీరింగుతో వచ్చే బండ్లకు ఎక్కువ ఇస్తారు. మనం బాక్సు, పంపు మాత్రమే మార్చి, వాలును పాతదే ఉంచేశాం. దానికి తోడు మా బండిలో ముందు, వెనక చక్రాల మధ్య దూరం దాదాపు 3 మీటర్లు. వెనక భాగం 5 సెంటీమీటర్లు లేస్తే ఉన్న వాలులో ఇంచుమించు 1 డిగ్రీ పోతుంది. అలైన్‌మెంట్ సెంటరులో కాస్టర్ కొలవమంటే మొదట టో (పై నుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) మాత్రమే చూసి పంపించబోయారు. పట్టుబట్టి కొలిపిస్తే ఖాళీ బండికి 1 డిగ్రీ కూడా లేదు.

వెనక అదనపు పట్టీల్లో ఒక్కొక్కటి తీయించి, ముందు ఇరుసుకు, పట్టీల కట్టకు మధ్య 2 డిగ్రీల ఇనుప చీలికలు (ఒక వైపు మందంగా, రెండో వైపు పలచగా ఉండే ముక్కలు) పెట్టించాను. మా బండిలో పట్టీలు ఇరుసు పైన కూర్చుంటాయి కాబట్టి చీలిక మందపు వైపు వెనక్కి ఉండాలి. షెడ్డులో కుర్రాడు తొందరలో తిరగేసి పెట్టాడు. ఆ సాయంత్రం ఎచ్చెర్ల దాకా వెళ్లి రావడానికి నేను పడ్డ పాట్లు చెప్పుకుంటే నవ్వుతారు; ఉన్న ఆ కాస్త వాలు కూడా పోయి బండి పాములా నడిచింది. మర్నాడు తిప్పి పెట్టించాక మలుపు తీసుకుని చెయ్యి వదులు చేస్తే స్టీరింగ్ అరచేతిలో జారుతూ దానంతటది మధ్యకు రావడం మొదలైంది. వాషరు కూడా తీయించేశాను.

మీ బండికి ముందు కమాన్ పట్టీలు కాకుండా విడివిడి సస్పెన్షన్ ఉంటే ఈ చీలికలు పనికిరావు; అక్కడ చక్రాన్ని పట్టి ఉంచే ఆర్ముల దగ్గర షిమ్ములతో (పలచటి రేకు ముక్కలతో) సరిచేస్తారు. రెండు వైపులా సమానంగా రాకపోతే బండి కాస్టర్ తక్కువ ఉన్న వైపుకు లాగుతుంది.

ఏదీ విప్పకముందు ముందు టైర్ల గాలి చూడండి, ఎందుకంటే లోడు కోసం గట్టిగా కొట్టించి ఖాళీగా నడిపితే తేలికదనం ఇంకా పెరుగుతుంది. ఇంజను నడుస్తుండగా ఒకరు స్టీరింగును కొద్దికొద్దిగా ఆడిస్తుంటే, మీరు కిందకు వంగి డ్రాప్ ఆర్ము (బాక్సు నుంచి కిందికి దిగే చెయ్యి), టై రాడ్ (రెండు ముందు చక్రాలను కలిపే కడ్డీ) చివరలు చూడండి. అక్కడ లూజు ఉంటే వాలు ఎంత పెంచినా ప్రయోజనం లేదు. బండి నిలిపి యాక్సిలరేటరు పెంచుతూ తిప్పి చూడండి. ఇంజను వేగం పెరిగిన కొద్దీ స్టీరింగ్ మరీ తేలికవుతుంటే మాత్రం పంపులో ప్రవాహాన్ని అదుపు చేసే వాల్వును అనుమానించాలి. పెద్ద బండి పంపు తెచ్చి పెట్టినా ప్రవాహం ఎక్కువై ఇలాగే ఉంటుంది కనుక, మీ పంపు ఏ బండిదో అమ్మినవారిని అడగండి. మీ మెకానిక్ మాటలో నిజం ఉండగలిగేది ఈ ఒక్క సందర్భంలోనే, అప్పుడైనా తగ్గించవలసింది ప్రవాహం, ప్రెషర్ కాదు.

ఒక్క విషయం మాత్రం వాలుతో పోదు. పవర్ బాక్సుల్లో చాలావాటికి స్టీరింగ్ తక్కువ చుట్లు తిరుగుతుంది, అందువల్ల చెయ్యి కొంచెం కదిపినా చక్రం ఎక్కువ తిరుగుతుంది. దానికి నేను అలవాటు పడ్డాను, మీరూ పడక తప్పదు.

చీలికలు వేయించిన రోజే టో మళ్లీ సరిచేయించండి, ఎందుకంటే కాస్టర్ మారితే అదీ మారుతుంది. పట్టీల కట్టను మధ్యలో పట్టి ఉంచే సెంటర్ బోల్టు పొడవైనది వేయించండి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక, పట్టీలను ఇరుసుకు కట్టి ఉంచే యు బోల్టులు మళ్లీ బిగించాలి. మా బండికి మొదటి విశాఖ ట్రిప్పు తర్వాతే బిగిస్తే నట్లు పావు చుట్టు చొప్పున తిరిగాయి.